లాగ్‌లో లాంబ్డా వెనకబడి వస్తోంది, వీఈ టేబుల్ దిద్దేముందు ఎంత జరపాలి?

ఎస్టీమ్_ఈసీఐఎల్

అన్నలకు, అక్కలకు నమస్కారం. నా బండి మారుతీ ఎస్టీమ్, 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పక్కన పెట్టి, మనమే ట్యూన్ చేసుకోగల స్పీడుయినో ఈసీయూ బిగించాను. పొగలో ఆక్సిజన్ చూసి లాంబ్డా చెప్పే సెన్సర్ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9, దాని కంట్రోలర్ నుంచి 0-5 వోల్టుల వైరు ఈసీయూకి వెళ్తుంది. లాంబ్డా 1 అంటే గాలికి పెట్రోలు సరిగ్గా సరిపోయినట్టు, తగ్గితే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పెరిగితే లీన్ (పెట్రోలు తక్కువ). కనెక్టర్లు, షీల్డ్ వైరు కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నా. సెన్సర్ కూర్చునే బంగ్‌ని రాణిగంజ్‌లో వెల్డింగ్ చేయించా. ఎగ్జాస్ట్ పోర్టు నుంచి కొలిస్తే సెన్సర్ సుమారు మీటరు దూరంలో, పైపు కారు కిందకి తిరిగాక ఉంది. పైపు లోపలి వ్యాసం 42 మిల్లీమీటర్లు.

బండి స్టార్ట్ అవుతోంది, నడుస్తోంది, ఆ టెన్షన్ లేదు. తలనొప్పి అంతా వీఈ టేబుల్‌తోనే, అంటే ఏ ఆర్‌పీఎం, ఏ ప్రెషర్ దగ్గర ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో ఈసీయూకి చెప్పే పట్టిక. దాన్ని బట్టే పెట్రోలు పడుతుంది. కీసర నుంచి ఘట్‌కేసర్ వైపు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద లాగ్ (సెన్సర్ విలువల్ని వరస వరసగా రాసుకునే రికార్డు) తీసి, ఇంటికొచ్చి ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌లో అనలైజ్ కొడితే టేబుల్ రంపం పళ్లలా తయారవుతోంది. 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక గడి 71 అంటే, పక్కది 80, ఆ పక్కది మళ్లీ 66. దాన్నే బర్న్ చేసి (ఈసీయూలోకి ఎక్కించి) ఇంకో లాగ్ తీస్తే పెరిగినవి తగ్గుతాయి, తగ్గినవి పెరుగుతాయి. ఎక్కడా కుదురుకోవడం లేదు.

వరస వరసగా చూస్తే ఎందుకో కొంత అర్థమైంది. ఈసీఐఎల్ చౌరస్తాలో గ్రీన్ పడి కదిలినప్పటి ముక్క చెప్తాను. యాక్సిలరేటర్ తొక్కగానే మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే పైపులో ఒత్తిడి) 35 నుంచి 85 కేపీఏకి ఎగిరింది, అదే వరసలో లాంబ్డా మాత్రం 1.02. ముందు ఆటో అడ్డొచ్చింది, కాలు తీశా, ప్రెషర్ 30కి పడింది. అప్పుడొచ్చింది లాంబ్డా 0.84! అది తొక్కినప్పటి పొగ. సాఫ్ట్‌వేర్ మాత్రం 30 కేపీఏ గడి రిచ్‌గా ఉందనుకుని అక్కడ పెట్రోలు తగ్గించేస్తోంది.

లాంబ్డాని ఎన్ని మిల్లీ సెకన్లు వెనక్కి జరపాలి? అన్ని ఆర్‌పీఎంలకీ ఒకటే అంకె సరిపోతుందా? సెన్సర్‌ని ఇంజిన్ దగ్గరికి మార్పిస్తే ఈ గొడవ పోతుందా? నా లాగ్‌లో సెకనుకి 15 వరసలు వస్తున్నాయి.

మల్కాజిగిరి_టర్బో

భాయ్, 200 మిల్లీ సెకన్లు పెట్టెయ్. నేను రెండు బండ్లకి అదే పెట్టా, బాగానే నడుస్తున్నాయి. సెకనుకి 15 వరసలంటే మూడు వరసలు పైకి జరిపితే అయిపోతుంది.

పాత_పిస్టన్

తమ్ముడూ, నువ్వు లాగ్‌ని వరస వరసగా చదివావు చూడు, అది మంచి పని. చాలామంది అనలైజ్ బటన్ నొక్కి, వచ్చిన టేబుల్‌ని అలాగే బర్న్ చేసేస్తారు. మా పని బాలానగర్‌లో, రీబోర్ నుంచి ట్యూనింగ్ దాకా. లోడ్ మీద లీన్‌గా నడిచిన ఇంజిన్లు నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి. ప్లగ్గు తీసి వెలుతురులో పెడితే తెల్లటి పింగాణీ మీద సన్నటి మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అది కరిగిన పిస్టన్ అల్యూమినియం. అందుకని ఈ విషయంలో తొందర వద్దు.

మల్కాజిగిరి భాయ్ చెప్పిన 200, మామూలుగా ఒకే వేగంతో పోయేటప్పుడు దగ్గర దగ్గరగా సరిపోవచ్చు. ఐడ్లింగ్‌లో సరిపోదు. ఎందుకో పెట్రోలు వెనకాలే నడిచి చూద్దాం.

ఇంజెక్టర్ పెట్రోలు చల్లేటప్పటికి చాలాసార్లు ఇన్‌టేక్ వాల్వు మూసే ఉంటుంది. వాల్వు తెరుచుకోవాలి, లోపలికి పోవాలి, కంప్రెషన్ అవ్వాలి, మండాలి, అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోవాలి. ఇంచుమించు ఒక పూర్తి సైకిల్, అంటే రెండు చుట్లు. 120ని ఆర్‌పీఎంతో భాగిస్తే ఒక సైకిల్‌కి ఎన్ని సెకన్లో వస్తుంది. 900 దగ్గర 133 మిల్లీ సెకన్లు, 5500 దగ్గర 22.

ఆ తర్వాత పైపు. నీ ఇంజిన్ ఐడ్లింగ్‌లో సెకనుకి మూడు గ్రాముల లోపే గాలి పీలుస్తుంది. 42 మిల్లీమీటర్ల పైపులో ఆ పొగ సెకనుకి నాలుగు మీటర్ల వేగం కూడా అందుకోదు. మీటరు దూరం దాటడానికే పావు సెకను పైన పడుతుంది. అదే 5500 దగ్గర ఫుల్ థ్రాటిల్‌లో 50 గ్రాములు దాటిన గాలి, పైగా ఎర్రగా కాలిన పొగ వ్యాకోచించి ఉంటుంది కాబట్టి వేగం సెకనుకి వంద మీటర్లు దాటేస్తుంది. అదే మీటరుకి పది మిల్లీ సెకన్లు కూడా పట్టవు. ఒకే పైపు, ఒకే సెన్సర్, పాతిక రెట్ల తేడా. నీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

దీని మీద సెన్సర్ సొంత స్పందన, కంట్రోలర్‌లో సగటు తీసే ఫిల్టర్, స్పీడుయినోలో ఓ2 (ఆక్సిజన్ సెన్సర్) ఇన్‌పుట్‌కి ఉండే ఏడీసీ ఫిల్టర్ (చదివిన వోల్టేజీలో వణుకు తగ్గించేది), చివరికి సీరియల్ వైరు మీద లాప్‌టాప్‌కి చేరడం. ఈ నాలుగూ ఆర్‌పీఎంతో పెద్దగా మారవు. ఓ2 ఫిల్టర్ ఎంత పెట్టావో ఒకసారి తెరిచి చూడు, ఎక్కువ ఉంటే తగ్గించు. లాంబ్డా గీత కొంచెం వణికినా ఫర్వాలేదు, వెనకబడితేనే కష్టం.

ఇక ఎంత అన్నది వేరే వాళ్ల బండి నుంచి అరువు తెచ్చుకోకు, నీ బండి మీదే కొలుచుకో. బండి బాగా వేడెక్కనివ్వు. చల్లటి మానిఫోల్డ్ గోడలకి పెట్రోలు అంటుకుని లెక్క తప్పిస్తుంది. క్లోజ్డ్ లూప్ కరెక్షన్ (సెన్సర్‌ని చూసి ఈసీయూ తనే పెట్రోలు సరిచేసుకోవడం) ఆపెయ్. ఐడ్లింగ్‌లో లాగ్ నడుస్తుండగా ఆ చుట్టుపక్కల వీఈ గడులన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి 1.1తో గుణించు. లాగ్‌లో పల్స్ విడ్త్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే కాలం) నిటారుగా ఒక మెట్టు ఎక్కుతుంది. లాంబ్డా 1.00 నుంచి 0.91 వైపు దిగడం మొదలయ్యే వరస ఏదో చూడు. ఆ రెంటి మధ్య కాలమే నీకు కావాల్సింది. కాసేపాగి వెనక్కి మార్చు, అప్పుడు లీన్ వైపు మెట్టు వస్తుంది, దాన్నీ కొలువు. నీ వరసల మధ్యే 67 మిల్లీ సెకన్ల సందుంది కాబట్టి ఒక్క కొలతని నమ్మకు, మళ్లీ మళ్లీ చేసి సగటు తియ్యి.

తర్వాత థర్డ్ గేర్‌లో, కాలు కదపకుండా, 2500 దగ్గర అదే పరీక్ష. ఆ పైన ఇంకో పాయింట్. లాప్‌టాప్ పక్క సీట్లో కూర్చున్న మనిషి దగ్గరే ఉండాలి, నీ చూపు రోడ్డు మీదే ఉండాలి. ఫుల్ థ్రాటిల్ పరీక్ష రోడ్డు మీద చేయకు, దానికి డైనో (బండిని నిలబెట్టి చక్రాలు తిప్పి పరీక్షించే యంత్రం) ఉంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని. హెడర్ గాస్కెట్ దగ్గర, ఆ కొత్త వెల్డింగ్ దగ్గర లీకేజీ ఉందేమో చూడు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, టెయిల్ పైపుని మందపాటి గుడ్డతో కొన్ని క్షణాలు అదిమి పట్టుకుంటే లీకు ఉన్న చోట బుస్సుమని వినిపిస్తుంది. సెన్సర్‌కి ముందు లీకు ఉంటే పల్స్‌కీ పల్స్‌కీ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది, ఐడ్లింగ్‌లో అబద్ధపు లీన్ చూపిస్తుంది. ఎంత జరిపినా అది సరికాదు.

మియాపూర్_డాంగిల్

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది కంపెనీ ఈసీయూనే, బ్లూటూత్ ఓబీడీ డాంగిల్‌తో (బండి డయాగ్నస్టిక్ సాకెట్‌కి పెట్టేది) ఫోన్‌లో లాగ్ తీస్తున్నా. నాకూ ఇదే పద్ధతి పనికొస్తుందా?

శిరీష_సిగ్నల్స్

మియాపూర్ గారూ, మీ దగ్గర ఇంకో చిక్కు ముందు వస్తుంది. ఓబీడీలో డాంగిల్ ఒక్కో విలువనీ విడివిడిగా అడుగుతుంది. ఆర్‌పీఎం అడిగి, జవాబొచ్చాక ప్రెషర్ అడిగి, ఆ తర్వాత థ్రాటిల్. యాప్ వాటిని ఒకే వరసలో రాసేస్తుంది కానీ అవి ఒకే క్షణంలో తీసినవి కావు. కె-లైన్ (నిదానంగా నడిచే పాత తరం డయాగ్నస్టిక్ వైరు) ఉన్న పాత బండ్లలో అయితే ఎనిమిది పది విలువలు అడిగితే ఒక చుట్టు తిరిగేసరికి అర సెకను దాటిపోవచ్చు. మీరు అడిగే విలువల్ని మూడుకో నాలుగుకో తగ్గించండి. యాప్ ప్రతి విలువకీ విడిగా టైమ్ రాయగలిగితే ఆ ఆప్షన్ పెట్టండి. అది లేకుండా జరపడాలు మొదలుపెడితే ఏది ఎక్కడిదో తెలియదు.

ఎస్టీమ్_ఈసీఐఎల్

పాత పిస్టన్ అన్నా, చాలా థ్యాంక్స్. లీకేజీ లేదు, చూశాను. కంట్రోలర్‌లో, ఈసీయూలో ఫిల్టర్లు తగ్గించి, మీరు చెప్పినట్టే కొలిచా. సగటులు ఇవీ: 900 ఆర్‌పీఎం, 35 కేపీఏ దగ్గర 520 మిల్లీ సెకన్లు. 2500, 50 కేపీఏ దగ్గర 240. 3500, 70 కేపీఏ దగ్గర 200.

రెండు సందేహాలు మిగిలాయి. లాంబ్డా మెట్టులా దిగడం లేదు, వాలుగా దిగుతోంది. దిగడం మొదలైన చోటు తీసుకోవాలా, పూర్తయిన చోటు తీసుకోవాలా? ఇంకొకటి, ఈ మూడు పాయింట్ల మధ్య ఉన్న మిగతా గడులకి ఏం పెట్టాలి?

శిరీష_సిగ్నల్స్

మంచి కొలతలు తీశారు తమ్ముడూ. నా ఉద్యోగం సిగ్నల్ ప్రాసెసింగ్‌లో, ఇలాంటి డేటా చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

మీరు చూస్తున్న దాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి. పొగ సెన్సర్ దాకా రావడానికి పట్టే కాలం ఒకటి. ఆ కాలమంతా సెన్సర్‌కి ఏమీ తెలియదు, గీత అడ్డంగా పోతుంది. కబురు అందాక సెన్సర్, ఫిల్టర్లు నిదానంగా కొత్త విలువకి చేరడం రెండోది. మీకు కనిపించే వాలు అదే. మొదటిదాన్ని జరిపి సరిచేయొచ్చు. రెండోదాన్ని జరిపితే సరికాదు, ఎందుకంటే అక్కడ కాలం మారడమే కాదు, ఆకారమే కరిగిపోయింది. అర సెకను పాటు 0.84 అయిన మిశ్రమం లాగ్‌లో 0.88 దాకానే వచ్చి వెనక్కి తిరగొచ్చు.

అందుకని జరపడానికి మొదలైన చోటు తీసుకోండి. వాలు ఎంతసేపుందో కూడా రాసి పెట్టుకోండి. మొత్తం మార్పులో 63 శాతం పూర్తయ్యే దాకా పట్టిన కాలం చాలు, దాన్ని టౌ అందాం. ఆ వాలుని లెక్కతో నిటారు చేసే పద్ధతి ఉంది. ప్రతి విలువకీ దాని మార్పు వేగాన్ని టౌతో గుణించి కలపాలి. కానీ సెకనుకి 15 వరసల లాగ్‌లో అలా చేస్తే లాంబ్డాలో ఉన్న చిన్న చిన్న వణుకులన్నీ కొండలవుతాయి. మీ డేటాకి అది వద్దు. కుదురుగా లేని వరసల్ని తీసి పారేయడం మేలు.

రెండో సందేహం. మారే భాగం పొగ ప్రవాహానికి విలోమంగా ఉంటుంది, మారని భాగం స్థిరం. ప్రవాహం బదులు ఆర్‌పీఎంని ప్రెషర్‌తో గుణించిన అంకె వాడుకుందాం. ఉరామరిగా సరిపోతుంది. వెయ్యిల్లో రాస్తే ఐడ్లింగ్‌కి 31.5, రెండో పాయింట్‌కి 125. ఆలస్యం = స్థిరం + కె భాగించు ప్రవాహం. మీ మొదటి రెండు కొలతలు పెట్టి సాధిస్తే స్థిరం 146 మిల్లీ సెకన్లు, కె సుమారు 11,790 వస్తాయి. ఇప్పుడు వీటిని మూడో పాయింట్ మీద పరీక్షించండి: 3500ని 70తో గుణిస్తే 245, ఆలస్యం 194 రావాలి. మీరు కొలిచింది 200! 67 మిల్లీ సెకన్ల వరసలతో ఇంతకంటే దగ్గరగా రావడం కష్టం. 5500, 94 కేపీఏకి లెక్కేస్తే 169 వస్తుంది. హైదరాబాద్ ఎత్తులో ఫుల్ థ్రాటిల్ అంటే 94-95 కేపీఏనే కాబట్టి ఆ మూల అదే. మెట్టు పరీక్ష కోసం రోడ్డు మీద 5500కి పోవాల్సిన పని లేదు.

జరిపేటప్పుడు వరసలు లెక్కపెట్టకండి. వరసల మధ్య సందు ఎప్పుడూ ఒకేలా ఉండదు, లాప్‌టాప్ ఒక క్షణం తడబడితే పెద్దదవుతుంది. ప్రతి వరస టైమ్ తీసుకుని, దానికి ఆ గడి ఆలస్యం కలిపి, ఆ టైమ్‌లో లాంబ్డా ఎంతో రెండు వరసల మధ్య ఇంటర్‌పొలేట్ చేయండి. పైథాన్ వస్తే నమ్‌పై ఇంటర్ప్ ఒక్కటి చాలు. అందరూ చెప్పే పాండాస్ షిఫ్ట్ అన్ని వరసల్నీ ఒకే లెక్కన జరుపుతుంది, ఇక్కడ పనికిరాదు.

తర్వాత జల్లెడ. ఒక వరసని లెక్కలోకి తీసుకోవాలంటే, దానికి ముందూ తర్వాతా కలిపి కనీసం ఆలస్యం ప్లస్ మూడు టౌలంత సేపు ఆర్‌పీఎం, ప్రెషర్ దాదాపు కదలకుండా ఉండాలి. యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్ (తొక్కగానే ఈసీయూ కాసేపు అదనంగా పెట్రోలు పోయడం) పని చేస్తున్న వరసలు తీసేయండి, అక్కడ పెట్రోలు వీఈ టేబుల్ ఒక్కటే నిర్ణయించలేదు. కూలెంట్ 80 డిగ్రీల లోపు ఉన్నవి కూడా. మీ ఈసీఐఎల్ చౌరస్తా ముక్కలో ఇక ఒక్క వరస కూడా మిగలదు. మిగలకూడదు కూడా. ఓఆర్‌ఆర్ మీద నిలకడగా పోయిన భాగం మిగులుతుంది, టేబుల్‌కి కావాల్సింది అదే. పది పదిహేను నమ్మదగిన వరసలు కూడా లేని గడిని ముట్టుకోకండి. ఒక్కసారికి మూడు శాతం కంటే ఎక్కువ మార్చకండి.

ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత సెన్సర్ గురించి కూడా చెప్పాలి, మన ఊళ్లో దాన్ని వదిలేయలేం. మే నెలలో సిగ్నల్ దగ్గర ఆగితే బానెట్ కింద వేడికి ఆ సెన్సర్ ఒళ్లంతా కాగిపోతుంది. బండి కదిలి బయటి గాలి లోపలికి వస్తున్నా అది చాలాసేపు పాత వేడినే చూపిస్తుంది. గాలి పల్చగా ఉందనుకుని ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది, నిజానికి వచ్చే గాలి చిక్కగా ఉంటుంది. ఆ లీన్‌కి వీఈ టేబుల్ తప్పు లేదు. మిల్లీ సెకన్లతో తేలే సంగతి కూడా కాదు. సిగ్నల్ తర్వాత ఆ ఉష్ణోగ్రత దిగుతున్నంతసేపూ వచ్చిన వరసలు వదిలేయండి.

మల్కాజిగిరి_టర్బో

అక్కా, ఈ లెక్క నా బండ్లకీ వేసి చూస్తా. ఐడ్లింగ్‌లో 500 దాటుతుందని నేననుకోలేదు.

ఎస్టీమ్_ఈసీఐఎల్

శిరీష అక్కా, మీరు చెప్పిన జల్లెడ వేస్తే లాగ్‌లో మూడొంతులు పోయింది, కానీ మిగిలిన దాంతో టేబుల్ మధ్య భాగం నున్నగా వచ్చింది. 40 నుంచి 75 కేపీఏ మధ్య మళ్లీ లాగ్ తీసినా రెండు శాతం లోపే మారుతోంది.

టేబుల్‌లో కింద 25-30 కేపీఏ వరస మాత్రం ఇంకా గందరగోళంగానే ఉంది. 2000 నుంచి 3000 మధ్య ఒక గడి బాగా లీన్ అంటుంది, పక్కది రిచ్ అంటుంది. ఇంకో విషయం, నా గేజ్ 14.7 చూపిస్తుంటే లాంబ్డా 1 అనుకుంటున్నా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కదా, దానికి ఇదే అంకె నడుస్తుందా?

పాత_పిస్టన్

ఆ వరస నువ్వు కాలు తీసి గేర్‌లోనే జారుతున్నప్పటిది తమ్ముడూ. అక్కడ ఈసీయూ ఇంజెక్టర్లు పూర్తిగా ఆపేస్తుంది. సిలిండర్ నుంచి ఉత్త గాలే బయటికి వస్తుంది, సెన్సర్ లీన్ చివరికి అంటుకుపోతుంది. పెట్రోలు మళ్లీ మొదలయ్యాక కూడా ముందు మానిఫోల్డ్ గోడలు తడవాలి, పైపులో ఉన్న గాలి బయటికి పోవాలి, ప్రవాహం తక్కువ కాబట్టి అది నింపాదిగా పోతుంది. లాగ్‌లో అలా పెట్రోలు కట్ అయిన వరసలతో పాటు, మళ్లీ మొదలయ్యాక ఒకటిన్నర సెకన్ల దాకా అన్నీ తీసెయ్. ఇంత తక్కువ లోడ్‌లో కొన్ని సైకిల్స్ సరిగా మండవు కూడా. మండని సైకిల్‌లో పెట్రోలు ఎంత ఉన్నా, వాడకుండా మిగిలిన ఆక్సిజన్‌ని చూసి సెన్సర్ లీన్ అంటుంది. దాన్ని నమ్మి పెట్రోలు పోస్తే ఇంకా చెడుతుంది. అందుకని టేబుల్‌లో ఆ వరసని సాఫ్ట్‌వేర్‌కి వదలకు. పైనున్న 40, 45 కేపీఏ గడుల వాలు ఎలా ఉందో చూసి, అదే వాలుని కిందకి చేత్తో దించు.

ఈ20 సంగతి. దానికి పూర్తిగా మండే నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది, 14.7 ఉత్త పెట్రోలుది. కానీ నీ సెన్సర్ కొలిచేది లాంబ్డానే. గేజ్ దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది, అంతే. ఏ పెట్రోలు పోసినా గేజ్ మీద 14.7 అంటే లాంబ్డా 1 అనే అర్థం. ఈ గందరగోళం వద్దనుకుంటే గేజ్, లాగ్, టార్గెట్ టేబుల్ మూడూ లాంబ్డాలోకి మార్చెయ్. నీ ఇంజిన్‌కి నిలకడగా పోయేటప్పుడు 1.00, ఫుల్ లోడ్‌కి 0.86తో మొదలుపెట్టు.

నీ మూడో ప్రశ్న మిగిలిపోయింది. సెన్సర్‌ని నాలుగు పైపులు కలిసే చోటుకి కాస్త కిందకి తెచ్చుకుంటే ఐడ్లింగ్ ఆలస్యం బాగా తగ్గుతుంది, ఆ 146లో మాత్రం పెద్దగా తేడా రాదు. మరీ పోర్టు దగ్గరికి తీసుకెళ్తే వేడికి సెన్సర్ త్వరగా పోతుంది, పైగా ఒక సిలిండర్ పొగే ఎక్కువగా చూస్తుంది. వెల్డింగ్ చేయించేటప్పుడు సెన్సర్ వైరు వచ్చే చివర పైకి ఉండేలా, అడ్డగీతకి కనీసం పది డిగ్రీలు ఎత్తి పెట్టమను. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైపులో చేరే నీరు దాని మీద నిలవకూడదు. మార్చాక మూడు పాయింట్లూ మళ్లీ కొలిచి ఇక్కడ పెట్టు.